పచ్చని గోడలు – ఉష్ణ నగరాలకు నిలువు పందిళ్ళు

మనిషికి తిండి, బట్ట, ఇల్లు అని మూడు అవసరాలను పెద్దలు చెప్పినారు. ఇల్లు అనే మూడవ అవసరానికి మొదటి ధర్మం ఎండవానల నుండి కాపాడడం. వాన నుండి నేటి ఇండ్లు బాగుగనే కాపాడుతున్నవి. ఎండ విషయంలో మాత్రం ఒక వింత పరిస్థితి ఏర్పడినది. పగలంతా ఎండను త్రాగిన గోడ, ప్రొద్దు గ్రుంకిన తరువాత ఆ వేడిని మెల్లమెల్లగా గదిలోనికి వదులుతున్నది. రక్షించవలసినదే పీడించేదిగా మారినది. హైదరాబాదులోనైనా, విజయవాడలోనైనా మే మాసపు రాత్రి పై అంతస్తు గదిలో నిద్రించ ప్రయత్నించిన వారికి ఈ మాటను వివరించి చెప్పనక్కరలేదు.

ఇది కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు. 2015 మే మాసంలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కలిపి వేయిమందికి పైగా మరణించినారు. పగలు ఎండ దెబ్బ తిన్న శరీరానికి రాత్రియైనా చల్లదనం దొరకాలి. దొరకనినాడు అది కోలుకోలేదు. కలిగినవారు ఏ.సి. యంత్రం బిగించుకొంటారు. కాని ఆ యంత్రం గదిలోని వేడిని నాశనం చేయదు, వీధిలోనికి నెట్టుతుంది. తాను వాడుకొన్న విద్యుత్తు వలన పుట్టిన వేడిని కూడ దానికి కలిపి మరీ నెట్టుతుంది. కావున ఒక ఇంటి చల్లదనం ఎదురింటి వారికి, సందులోని రేకుల ఇంటివారికి అదనపు వేడి అవుతున్నది.

ఈ చిక్కుకు ఒక పరిష్కారంగా నేడు అనేక దేశాలలో పచ్చని గోడలను గూర్చి చెప్పుకొంటున్నారు. భవనాల గోడలపై మొక్కలను పెంచి వేడిని తగ్గించడమే దీని ఉద్దేశం. రంగుల చిత్రాలలో చూచినప్పుడు ఇది మాయాలోకం వలె కనిపిస్తుంది. ఆ చిత్రాలను చూచి భ్రమపడకుండ, అలాగని వట్టి విలాసమని కొట్టివేయకుండ, ఉన్నదున్నట్లు దీని గుణదోషాలను విద్యార్థుల ముందు, మన కళాశాల కమిటీ సభ్యుల ముందు ఉంచాలని మా ఉద్దేశం.

పచ్చని గోడ అనగానేమి?

పచ్చని గోడలు ముఖ్యంగా మూడు విధాలు. మొదటిది, నేలలో నాటిన తీగ తన వేళ్ళతో గోడను నేరుగా పట్టుకొని ఎగబ్రాకేది. ఫైకస్ ప్యుమిలా అనే చిన్న ఆకుల తీగ ఇందుకు ఉదాహరణ. ఇది మర్రి, రావి చెట్ల వంశానికి చెందినదే. రెండవది, గోడకు కొంత ఎడంగా ఇనుప తీగెలనో, జాలినో, కర్ర చట్రాన్నో నిలబెట్టి దానిపై తీగను ప్రాకించేది. మూడవది, గోడ పొడవునా చిన్న చిన్న తొట్టెలను లేక సంచులను అమర్చి, వాటిలో మొక్కలు నాటి, గొట్టాల ద్వారా నీటిని, ఎరువును చుక్కలు చుక్కలుగా అందించేది. చిత్రాలలో మనలను ఆకర్షించేది సాధారణంగా ఈ మూడవ రకమే.

మూడవ రకానికి చరిత్ర అంత పాతది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండిన స్టాన్లీ హార్ట్ వైట్ ఇటువంటి నిర్మాణానికి 1938లో పేటెంటు పొందినాడు. అది ఆ కాలంలో వ్యాప్తికి రాలేదు. తరువాత ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్, ఉష్ణమండల అరణ్యాలలో మన్ను లేని బండలపై సైతం మొక్కలు పెరిగే తీరును పరిశీలించి, అదే పద్ధతిని నగరపు గోడలపై ప్రయోగించి దానికి ప్రపంచఖ్యాతి తెచ్చినాడు.

రెండవ రకం మాత్రం మనకు క్రొత్తది కాదు. ఇంటి ముందు పందిరి వేసి బీర, సొర, చిక్కుడు తీగలను ప్రాకించని పల్లె తెలుగునాట లేదు. వరండాకు అడ్డుగా కర్రపలకల జాఫ్రీ కట్టి, దానిపై సన్నజాజినో రాధామనోహరాన్నో అల్లించడం హైదరాబాదు పాత ఇండ్లలో ఉన్న అలవాటే. పందిరిని పడుకోబెట్టక నిలబెట్టినచో అదే పచ్చని గోడ. కావున దీనిని నిలువు పందిరి అని పిలిచిన తప్పులేదు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ముఖ్య విషయం కూడ ఈ పేరులోనే ఉన్నది. పచ్చని గోడను అలంకారంగా కాక పందిరిగా భావించినప్పుడే అది వేడి నగరాలకు ఉపకరిస్తుంది.

గోడ చల్లబడే విధానం

తీగ కప్పిన గోడ చల్లగా ఉండడానికి మూడు కారణాలు ఉన్నవి. మొదటిది నీడ. సూర్యకాంతి గోడపై పడక ఆకులపై పడుతుంది. ఎండకు గురియైన సిమెంటు గోడ తన చుట్టూ ఉన్న గాలికంటె ఎంతో ఎక్కువగా కాగుతుంది, చేయి ఆనించలేము. అదే ఎండలోని పచ్చి ఆకు గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. అది పలుచనిది, గాలికి కదులుతుంది, నీటిని వదులుతూ తన్ను తాను చల్లబరచుకొంటుంది. పైగా గోడ వలె వేడిని గంటల తరబడి నిల్వ చేసుకొనే శక్తి దానికి లేదు.

రెండవది నీరు ఆవిరి కావడం. ఆకులలోని పత్రరంధ్రాల నుండి నీరు ఆవిరిగా వెలువడుతుంది. వృక్షశాస్త్రంలో దీనిని బాష్పోత్సేకం అంటారు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలో క్యాలరీల వేడి కావలెను. భౌతికశాస్త్రంలో ఇది గుప్తోష్ణం. మన విద్యార్థులు వేర్వేరు తరగతులలో చదువుకొనే ఈ రెండు పాఠాలు ఆకు మీద కలుసుకొంటున్నవి. ఒకటిన్నర టన్నుల ఏ.సి. యంత్రం పూర్తి శక్తితో ఒక గంటలో తొలగించే వేడి సుమారు 4,500 కిలో క్యాలరీలు. ఎనిమిది లీటర్ల నీరు ఆవిరియైనచో దాదాపు అంత వేడినే గ్రహిస్తుంది. అయితే యంత్రం మూసిన గది నుండి వేడిని తీస్తుంది. ఆకు బయటి ఎండ నుండి, గాలి నుండి తీసుకొంటుంది. ఈ భేదాన్ని మరచి ఒక పచ్చని గోడ ఇన్ని ఏ.సి.లతో సమానమని ప్రచారం చేయడం సత్యానికి దూరం.

మూడవది గాలిపొర. జాలికి, గోడకు మధ్య జానెడు మొదలు అడుగు వరకు ఖాళీ ఉన్నచో అక్కడి వేడి గాలి పైకి పోయి, క్రింది నుండి నీడలోని గాలి వచ్చి చేరుతుంది. గోడకు తడి తగలదు, సున్నం రాలదు. అందువలననే రెండవ రకం మొదటి రకం కంటె గోడకు క్షేమకరం.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతిని గమనించవలెను. నీడ అన్ని ఊళ్ళలోను పనిచేస్తుంది; ఆవిరి మాత్రం గాలి పొడిగా ఉన్నచోటనే బాగుగ పనిచేస్తుంది. వేసవిలో ద్వారాలకు వ్రేలాడగట్టి నీరు చల్లే వట్టివేళ్ళ తడికలను, ఉర్దూలో ఖస్ కీ టట్టీలను ఎరుగని వారుండరు. అవి హైదరాబాదు, కర్నూలు, అనంతపురం వంటి పొడి ఊళ్ళలో ఇచ్చే చల్లదనాన్ని మచిలీపట్నంలోనో, విశాఖపట్నంలోనో ఇవ్వవు. సముద్రపు గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడమే కారణం. పచ్చని గోడకు కూడ ఇదే న్యాయం. దక్కను పీఠభూమిలో నీడ, ఆవిరి రెండూ లభిస్తవి. కోస్తాలో ప్రధానంగా నీడయే లభిస్తుంది. కోస్తాలో మరొక జాగ్రత్త కూడ అవసరం. అక్కడ ఉక్కపోతకు మందు గాలి కనుక కిటికీలను తీగతో మూసివేసినచో లాభం కంటె నష్టమే ఎక్కువ.

ఏ గోడకు పందిరి?

పచ్చని గోడను కట్టేవారు సాధారణంగా వీధివైపు గోడను ఎన్నుకొంటారు, నలుగురు చూస్తారు గనుక. సూర్యుడు మాత్రం వీధిని చూచి ఎండ కాయడు. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని కొంచెం దాటి ఉన్నది. మే 9వ తేదీ ప్రాంతంలో, తిరిగి ఆగస్టు 3వ తేదీ ప్రాంతంలో మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలిపిన కర్రకు ఆ క్షణంలో నీడయే ఉండదు. ఈ రెండు తేదీల నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు కొంచెం ఉత్తరంగానే ఉంటాడు. కావున మండు వేసవిలో దక్షిణపు గోడపై పడే ఎండ చాల స్వల్పం. ఉదయపు ఎండ తూర్పు గోడపై, సాయంకాలపు ఎండ పడమటి గోడపై ఏటవాలుగా వచ్చి నేరుగా కొట్టుతుంది.

ఈ రెంటిలో పడమటి గోడ ఎక్కువ కష్టపెడుతుంది. తూర్పు ఎండ తగిలే వేళకు గాలి ఇంకా చల్లగానే ఉంటుంది. పడమటి ఎండ తగిలేది అప్పటికే గాలి కాగి ఉన్న వేళ. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ బయటి వేడిని లోపలికి చేరవేయడానికి సుమారు ఆరేడు గంటలు పడుతుంది. నాలుగు గంటలకు పడమటి గోడ త్రాగిన ఎండ రాత్రి పది, పదకొండు గంటలకు మంచం దగ్గరికి వస్తుందన్నమాట. విద్యార్థి వసతి గృహంలో పడమటి గదివారు వరండాలో చాపలు పరచుకోవడానికి కారణం ఇదే.

అన్నిటికంటె ఎక్కువ ఎండ పడేది కప్పుపైన అన్న నిజాన్ని కూడ ఇక్కడ చెప్పవలెను. ఒకే అంతస్తు గల ఇంటికి, రేకుల ఇంటికి మొదట చేయవలసినది కప్పును కాపాడుకోవడం. తెల్లని సున్నం పూత, చల్లని పెంకులు అందుకు చవకైన ఉపాయాలు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను ఈ విధంగా మార్చాలని లక్ష్యంగా పెట్టుకొన్నది. భవనం ఎత్తు పెరిగేకొలది కప్పు వాటా తగ్గి గోడల వాటా పెరుగుతుంది. నాలుగైదు అంతస్తుల భవనానికి గోడల సంరక్షణ లేక చల్లదనం రాదు. కావున కప్పుకు సున్నం, పడమటి గోడకు పందిరి అనేవి పరస్పరం పోటీ పడేవి కావు. ఒకదాని తరువాత ఒకటి చేయదగినవి.

సింగపూరు అనుభవం

ఉష్ణమండల నగరాలలో పచ్చని గోడలను ప్రభుత్వ విధానంగా స్వీకరించినవాటిలో సింగపూరు ముఖ్యమైనది. భూమధ్యరేఖకు దాదాపు ఒక డిగ్రీ దూరంలో ఉన్న ఈ నగర రాజ్యంలో చలికాలమనేది లేదు. ప్రధానమంత్రి లీ క్వాన్ యూ 1967లోనే సింగపూరును తోటల నగరంగా తీర్చిదిద్దాలనే ఆశయాన్ని ప్రకటించినాడు. మొదట రోడ్ల వెంట చెట్లు నాటినారు. నేల చాలక భవనాలు ఆకాశంలోనికి పెరిగిన తరువాత పచ్చదనాన్ని కూడ వాటితోపాటు పైకి తీసుకొనిపోవడం ప్రారంభించినారు. మేడలపైన, గోడలపైన మొక్కలు పెంచడానికి అయ్యే ఖర్చులో సగం వరకు ప్రభుత్వమే భరించే పథకాలు వచ్చినవి. 2030 నాటికి ఇటువంటి ఎత్తైన పచ్చదనం 200 హెక్టార్లకు చేరాలని అక్కడి లక్ష్యం.

సింగపూరువారు మొక్కలు నాటి ఊరుకొనలేదు, కొలిచినారు. హోర్ట్ పార్క్ అనే ఉద్యానంలో ఎనిమిది రకాల పచ్చని గోడలను ప్రక్కప్రక్కన నిలబెట్టి, వాటితోపాటు ఒక ఖాళీ గోడను కూడ ఉంచి, సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ న్యుక్ హియెన్ బృందం ఉష్ణోగ్రతలను పరిశీలించినది. 2010లో ప్రచురించిన ఆ ఫలితాల ప్రకారం గోడ ఉపరితలపు ఉష్ణోగ్రత మంచి ఎండవేళ 11 డిగ్రీల సెల్సియస్‌కు పైగా తగ్గినది. రకాన్ని బట్టి, ఆకుల చిక్కదనాన్ని బట్టి ఈ తగ్గుదల మారినది. ఇది గోడ చర్మపు ఉష్ణోగ్రతయే గాని గది ఉష్ణోగ్రత కాదని పాఠకులు గుర్తించవలెను. గది చల్లదనం ఇంతకంటె చాల తక్కువగానే ఉంటుంది. అయినా గోడ చర్మం చల్లబడితే రాత్రికి దాచుకొనే వేడి తగ్గుతుంది; యంత్రానికి పని తగ్గుతుంది.

2016లో పూర్తియైన ఒయేసియా హోటల్ అక్కడి భవనాలలో మాకు ఎక్కువ బోధకంగా తోచినది. వోహా అనే వాస్తుశిల్పుల సంస్థ రూపొందించిన ఈ 27 అంతస్తుల భవనం చుట్టూ ఎర్రని అల్యూమినియం జాలిని కట్టి, దానిపై 21 జాతుల తీగలను ప్రాకించినారు. ఒకే జాతిని నమ్ముకొనక అనేక జాతులను ఎన్నుకోవడంలో వివేకం ఉన్నది. ఎండవైపు ఒకటి, నీడవైపు మరొకటి, గాలి ఎక్కువగా తగిలేచోట ఇంకొకటి బ్రతుకుతుంది. ఒకటి తెగులుతో పోయినా మిగిలినవి నిలుస్తవి. ఇంత ఆధునిక భవనం కూడ చివరకు జాలి, తీగ అనే పందిరి సూత్రాన్నే ఆశ్రయించినది.

కాని సింగపూరును చూచి మనం నేరుగా అనుకరించరాదు. అక్కడ ఏటా 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. వాన లేని నెల ఉండదు. హైదరాబాదులో కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లు. అందులో అధిక భాగం నైరుతి ఋతుపవనాల నాలుగు నెలలలోనే. వారికి మొక్కను బ్రతికించడం సులభం, ఆవిరితో చల్లబరచడం కష్టం. మనకు ఆవిరితో చల్లబరచడం సులభం, మొక్కను బ్రతికించడం కష్టం. ఈ తారుమారును గుర్తించకుండ విదేశపు గోడను తెచ్చి ఇక్కడ అతికించినచో మొదటి వేసవికే అది ఎండుగడ్డి అవుతుంది.

హైదరాబాదు గడ్డపై

ఎత్తైన చోట తోట పెంచడం హైదరాబాదుకు అపరిచితమైన విద్య కాదు. కుతుబ్‌షాహీల కాలంలో, పదిహేడవ శతాబ్దంలో, ఈ నగరాన్ని దర్శించిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఇక్కడి రాజభవనపు మేడలపై తోటలు ఉండేవనీ, వాటిలో పెద్ద వృక్షాలు సైతం పెరిగేవనీ, అంత బరువును క్రింది కమానులు మోయడం ఆశ్చర్యకరమనీ వ్రాసినాడు. ఆ భవనాలు నేడు లేవు. అవి లేకపోయినా, దక్కను ఎండలో తోటకు నీరు ఎత్తిపోసి నిలుపుకొన్న శిల్పులు ఇక్కడ ఉండేవారన్న సంగతి నిలిచి ఉన్నది.

మన కాలంలో కూడ ఒక మంచి ఉదాహరణ హైదరాబాదులోనే ఉన్నది. కె.ఎం.సి. సంస్థ కార్యాలయ భవనాన్ని వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా రూపొందించగా 2012లో పూర్తియైనది. ఈ భవనానికి రెండు చర్మాలు. లోపలిది మామూలు కాంక్రీటు, కిటికీలు. బయటిది అల్యూమినియంతో పోతపోసిన జాలి. జాలికి అమర్చిన తొట్టెలలో మన్ను లేకుండ నీటితోనే మొక్కలు పెరుగుతవి. బిందువులుగా నీరు అందించే గొట్టాలు, తుంపరలు చల్లే ఏర్పాటు కూడ ఉన్నవి. పొడి వేసవిలో ఆ తుంపరలు వట్టివేళ్ళ తడిక చేసే పనినే చేస్తవి. రెండు చర్మాల నడుమ ప్రతి అంతస్తులోను నడవ ఉన్నది. తోటమాలులు అందులో నడుస్తూ మొక్కలను కత్తిరిస్తూ, పోషిస్తూ ఉంటారు. లోపల కూర్చున్న అధికారికి, బయట పనిచేసే తోటమాలికి నడుమ ఒక కిటికీయే అడ్డు. పెద్ద కార్యాలయంలో ఒకరికొకరు కనిపించని వారు రోజూ కనిపించేటట్లు చేయడం కూడ తన ఉద్దేశమని శిల్పి చెప్పినాడు.

ఈ భవనం నుండి మనం నేర్చుకోవలసిన పాఠం యంత్రసామగ్రి కంటె ఆ నడవయే. పచ్చని గోడ కట్టడం ఒకనాటి పని. పెంచడం ప్రతిదినపు పని. మనిషి చేయి అందేటట్లు మార్గం, ఆ మనిషికి జీతం మొదటినుండి లెక్కలో లేనిచో ఎంత గొప్ప గోడయైనా నిలువదు.

నిలువని గోడలు, నీటి లెక్క

నిలువని గోడలు ప్రపంచంలో ఎన్నో ఉన్నవి. లండను నగరపు ఇజ్లింగ్టన్ ప్రాంతంలో ఒక శిశు కేంద్రానికి ఎంతో ఖర్చుతో కట్టిన పచ్చని గోడ 2009 నాటికి ఎండిపోయినది. చల్లని లండనులోనే అట్లు జరిగినప్పుడు మన ఎండలకు వేరే చెప్పవలెనా? చైనాలోని చెంగ్డు నగరంలో 2018లో కట్టిన ఒక గృహసముదాయంలో 826 ఇండ్లకు బాల్కనీ నిండ మొక్కలు పెట్టినారు. సంరక్షణ లేక అవి అడవిగా పెరిగి, దోమలు నిండి, 2020 నాటికి అక్కడ పది కుటుంబాలు మాత్రమే కాపురం ఉంటున్నట్లు వార్తలు వచ్చినవి. తొట్టెలలో నిలిచిన నీరు డెంగీ దోమకు పుట్టినిల్లు. ఎండిన తీగ విద్యుత్ మీటర్ల దగ్గర ఉన్నచో అగ్నికి ఆహారం. గోడ పగుళ్ళలో తానై మొలిచే రావి, మర్రి మొక్కలు పచ్చని గోడ క్రిందికి రావు. అవి భవనానికి శత్రువులు, వెంటనే పెరికివేయదగినవి.

అన్నిటికంటె పెద్ద ప్రశ్న నీరు. ఇరవై మీటర్ల పొడవు, ఐదు మీటర్ల ఎత్తు గల గోడను తీసుకొందము; నూరు చదరపు మీటర్లు. తొట్టెల పద్ధతిలో చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్ల నీరు పోయవలసి వచ్చినదనుకొందము. రోజుకు 500 లీటర్లు. తొంబది రోజుల వేసవికి 45,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది. త్రాగునీటికై బిందెలు వరుసలో పెట్టే బస్తీ ప్రక్కన, ట్యాంకరు నీటితో అద్దాల మేడకు పచ్చని గోడను పెంచినచో అది నగరాన్ని చల్లబరచడం కాదు, నగరపు దాహాన్ని పెంచడం. పచ్చని గోడపై మాకున్న అభ్యంతరమంతా ఈ ఒక్కచోటనే. మంచినీటితో పెరిగే గోడను మనం ఒప్పుకోరాదు.

నేలలో వేరున్న తీగకు ఈ చిక్కు చాలవరకు తగ్గుతుంది. గోడకు వ్రేలాడే చిన్న తొట్టెలోని వేరు ఒక పూట నీరు తప్పినా మాడిపోతుంది. భూమిలోనికి దిగిన వేరు తేమను వెదకికొంటుంది; వానకాలపు నీటిని కొంతకాలం వాడుకొంటుంది. కఠినమైన ఎండలో నీరు చాలనప్పుడు ఆకు తన పత్రరంధ్రాలను మూసుకొంటుంది. ఆవిరి తగ్గుతుంది, అయినా నీడ మిగిలియే ఉంటుంది.

ఇక ఆ తీగకు పోయవలసిన కొద్ది నీటికి కూడ మంచినీరు అక్కరలేదు. మన వంటి కళాశాలలో నమాజుకు ముందు వజూ చేసిన నీరు ప్రతిదినం కాలువ పాలవుతున్నది. అందులో సబ్బు కలవదు, నూనె కలవదు. ఒక్కొక్కరు మూడు లీటర్లు వాడినారనుకొన్నా రెండు వందలమందికి 600 లీటర్లు. పైన చెప్పిన నూరు మీటర్ల గోడకు అది చాలి మిగులుతుంది. భోజనశాలలో చేతులు కడిగిన సబ్బు నీటిని ఇసుక, కంకర పొరల గుండ పోనిచ్చి వాడవచ్చును. ఆర్.ఓ. యంత్రం వదలివేసే నీటిలో లవణాలు ఎక్కువ కనుక దానిని నేరుగా పోయరాదు.

మనం చేయదగినది

ఈ విషయాలను కలిపి చూచినప్పుడు మనకు తగిన పచ్చని గోడ స్వరూపం తేటపడుతున్నది. అది పడమటి గోడకు ఉండవలెను. దాని వేరు నేలలో ఉండవలెను. అది ఒకసారి వాడిన నీటితో బ్రతకవలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది అలంకారమే గాని ఉపకారం కాదు.

మొక్కలను ఎంచుకోవడం కష్టం కాదు. రాధామనోహరం ఎండకు ఓర్చి రెండు అంతస్తుల వరకు దట్టంగా ప్రాకుతుంది. సాయంకాలం సువాసన అదనం. కాగితపు పూల తీగకు నీరు తక్కువ చాలును, అయితే ముండ్లు ఉన్నవి, కట్టి నిలపవలెను. నర్సరీలలో కర్టెన్ క్రీపర్ అని పిలిచే తీగ పైనుండి క్రిందికి తెర వలె వ్రేలాడుతుంది. మేడ అంచున నాటడానికి అది తగినది. వీటి నడుమ తిప్పతీగ, శంఖుపుష్పం, వానకాలంలో బచ్చలి, కాకర, చిక్కుడు ప్రాకించవచ్చును. కడియం నర్సరీల నుండి తెలుగునాట ప్రతి ఊరికీ చేరే సాధారణమైన మొక్కలలోనే ఇవన్నీ దొరుకుతవి. జాలిని గోడకు జానెడు నుండి అడుగు వరకు ఎడంగా, గట్టి మేకులతో బిగించి, కిటికీలను విడిచిపెట్టి కట్టవలెను. మొక్కలను తొలకరిలో నాటవలెను. ఒక అంతస్తును కప్పడానికి రెండు మూడు వానకాలాలు పట్టవచ్చును. ఓపిక లేనివారికి ఈ పని తగదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. భవనమంతటికీ ఖర్చు పెట్టమని మేము కోరడం లేదు. విద్యార్థి వసతి గృహపు పడమటి గోడలో సగానికి మాత్రం జాలి కట్టించి, వజూఖానా నీటిని ఒక గొట్టం ద్వారా అక్కడికి మళ్ళించినచో చాలును. మిగిలిన సగం గోడను ఖాళీగా ఉంచవలెను. సింగపూరువారు ఖాళీ గోడను ప్రక్కన ఉంచుకొన్న కారణమే మనకూ వర్తిస్తుంది. పోల్చి చూడనిదే ఫలితం తెలియదు.

తరువాతి పని విద్యార్థులది. భౌతికశాస్త్ర విభాగపు ఉష్ణమాపకాలు రెండు సగాలకు ఒక్కొక్కటి, లోపలి గదులకు ఒక్కొక్కటి చొప్పున నాలుగు ఉన్నచో చాలును. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, సాయంకాలం ఐదు, రాత్రి పది గంటలకు అంకెలు వ్రాయవలెను. ఎన్ని లీటర్ల నీరు పోసినదీ, ఎన్ని మొక్కలు ఎండినదీ, దోమలు పెరిగినదీ లేనిదీ కూడ అదే పుస్తకంలో దాచక వ్రాయవలెను. ఉర్దూ మాధ్యమం వారు ఒక వారం, తెలుగు మాధ్యమం వారు ఒక వారం వంతులు వేసుకోవచ్చును. అంకెలకు రెండు భాషలలోను అర్థం ఒక్కటే.

గోడ చల్లబడలేదని ఆ పుస్తకం చెప్పినచో జాలిని విప్పి వేరొక పనికి వాడుకొందము, నష్టం స్వల్పం. చల్లబడినదని చెప్పినచో, మన విద్యార్థులలో ఎక్కువమంది ఏ.సి. లేని ఇండ్ల నుండి వచ్చినవారు గనుక, ఆ అంకెలను తమ ఇంటికి, తమ బస్తీకి తీసుకొనిపోగలరు. రెండు మూరల నేల, నాలుగు బారల ఇనుప తీగె, ఒక రాధామనోహరపు అంటు ఉన్న ప్రతి ఇంటికీ అవి ఉపయోగిస్తవి. ఆ పుస్తకంలోని ఫలితాలను, అవి ఎట్లున్నా, రాబోయే సంవత్సరపు సంచికలలో ఈ పుటలలోనే ప్రకటించాలని మా కోరిక.